ఫైల్లో ఒకటి, నడుస్తున్నది ఒకటి: కొట్ల సర్వర్లలో కాన్ఫిగ్ తేడాలు పట్టుకోవడం – నా అనుభవం

రాయగడ, గుణుపురం, మునిగుడ, కాశీనగర్, పర్లాకిమిడి. ఇవి ఒడిశావి. సరిహద్దుకి అటు ఆంధ్రలో పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం. ఈ ఊళ్ళలో హోల్‌సేల్ కొట్లకి బిల్లింగు, స్టాకు సాఫ్ట్‌వేర్ పెట్టి చూసుకోవడం మా పని. ఇంటర్నెట్టు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి డేటాబేసు కొట్లోనే పెడతాం. ఒక్కో కొట్టుకి ఒక మినీ పీసీ: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఉబుంటు 22.04, దాని మీద పోస్ట్‌గ్రెస్ 14 (డేటాబేసు), ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), మా బిల్లింగు సర్వీసు, ప్రింటు సర్వీసు. అన్నీ ఒకే మోడల్ నుంచి, అంటే ఏ సెట్టింగు ఎలా ఉండాలో మేం రాసిపెట్టుకున్న నమూనా నుంచి, పుట్టినవే. కొన్నాళ్ళు పోయాక చూస్తే ఏ రెండూ ఒకలా ఉండవు. ఈ ఎడబాటునే డ్రిఫ్ట్ అంటారు. దాన్ని ఎలా పట్టుకుంటున్నామో, ఎక్కడెక్కడ లెక్క తప్పుతుందో ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది మొదట చేసే పని, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ళ హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి మోడల్‌లోని ఫైలు హ్యాష్‌తో పోల్చడం. అది చాలదు. సాఫ్ట్‌వేర్ నడిచేది ఫైలుతో కాదు, స్టార్ట్ అయినప్పుడు ఫైలు నుంచి మెమరీలోకి తీసుకున్న విలువలతో. కాబట్టి చూడాల్సిన చోట్లు మూడు: గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) ఉన్న మోడల్, డిస్కు మీద ఉన్న ఫైలు, నడుస్తున్న ప్రాసెస్. కొట్టువాళ్ళకి ఇది వాళ్ళ భాషలో చెప్తే వెంటనే అర్థమవుతుంది: ఆర్డరు పుస్తకం, స్టాకు రిజిస్టరు, గోడౌన్‌లో ఉన్న బస్తాలు. మూడూ కలిస్తేనే లెక్క సరి.

గుణుపురం కొట్టు మిషన్‌లో కనబడిన తేడా చూడండి. మోడల్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తీసుకోవచ్చో ఆ సంఖ్య) 100. డిస్కు మీద పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైల్లోనూ 100. హ్యాష్ అచ్చంగా కలిసింది. నడుస్తున్న విలువ మాత్రం 300. ఎలాగంటే, కొత్త కౌంటర్లు పెట్టినప్పుడు కనెక్షన్లు నిండిపోయాయని ఎర్రర్ వచ్చింది. అక్కడి టెక్నీషియన్ ఆల్టర్ సిస్టమ్ కమాండ్‌తో సంఖ్య పెంచి రీస్టార్ట్ చేశాడు. ఆ కమాండ్ అసలు ఫైలుని ముట్టదు. డేటా డైరెక్టరీలో ఉండే ఆటో కాన్ఫ్ అనే వేరే ఫైల్లో రాస్తుంది, అసలు ఫైలు తర్వాత దాన్ని చదువుతారు కాబట్టి దాని మాటే చెల్లుతుంది. పోస్ట్‌గ్రెస్ 9.4 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. కాన్ఫిగ్ ఫైళ్ళుండే స్లాష్ ఈటీసీ ఫోల్డర్‌ని ఎంత జల్లెడ పట్టినా ఇది దొరకదు.

అందుకే పోస్ట్‌గ్రెస్‌ని పోస్ట్‌గ్రెస్‌నే అడగాలి. పీజీ సెట్టింగ్స్ వ్యూలో (పట్టికలా అడిగి చూసేది) ప్రతి సెట్టింగుకీ ఇప్పటి విలువ, యూనిట్, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఫైలు, ఎన్నో లైను, రీస్టార్ట్ కోసం ఆగి ఉందా అన్నవన్నీ ఉంటాయి. కానీ ఈ పెండింగ్ రీస్టార్ట్ గుర్తు, కాన్ఫిగ్ రీలోడ్ (ఆపకుండా ఫైళ్ళు మళ్ళీ చదివించడం) చేశాకే పడుతుంది. ఎవరైనా ఫైలు మార్చి రీలోడ్ కూడా చెయ్యకుండా వెళ్ళిపోతే ఈ వ్యూకి ఆ సంగతే తెలీదు. దానికి పీజీ ఫైల్ సెట్టింగ్స్ అనే ఇంకో వ్యూ ఉంది, అది అడిగిన ప్రతిసారీ ఫైళ్ళని కొత్తగా చదివి చూపిస్తుంది. రెండూ తీసుకోవాలి. మూడోది, ఒక డేటాబేసుకో ఒక యూజరుకో విడిగా పెట్టిన సెట్టింగులు. అవి పీజీ డీబీ రోల్ సెట్టింగ్ పట్టికలో దాక్కుంటాయి. బిల్లింగు యూజరుకి మాత్రమే స్టేట్‌మెంట్ టైమౌట్ (ఒక్కో క్వెరీకి ఇచ్చే గడువు) మార్చేసి ఉంటే, వేరే యూజరుతో లాగిన్ అయి పీజీ సెట్టింగ్స్ ఎంతసేపు చూసినా కనబడదు.

ఇవి చదవడానికి సూపర్‌యూజర్ (అన్ని అనుమతులూ ఉన్న యూజరు) ఇవ్వకండి. వేరే యూజరుని పెట్టి దానికి పీజీ రీడ్ ఆల్ సెట్టింగ్స్ రోల్ ఇస్తే చాలు. ఫైల్ సెట్టింగ్స్ వ్యూని మాత్రం 14లో డిఫాల్ట్‌గా సూపర్‌యూజరే చదవగలడు, దానికి వ్యూ మీదా దాని వెనకున్న ఫంక్షన్ మీదా విడిగా గ్రాంట్ ఇవ్వాలి. రోల్ ఇవ్వడం మరిచిపోతే వచ్చే తిరకాసు ఏమిటంటే, ఎర్రర్ రాదు. సూపర్‌యూజరుకే కనబడే సెట్టింగుల వరసలు నిశ్శబ్దంగా మాయమవుతాయి, ఫైలు పేరు, లైను నంబరు ఖాళీగా వస్తాయి. మన ప్రోగ్రాము అవన్నీ మోడల్‌లో ఉండి మిషన్‌లో లేనివని రిపోర్టు ఇస్తుంది. కొత్త కొట్టు చేరినప్పుడు ఒకేసారి ఇలాంటి వరసలు గుంపుగా వస్తే ముందు అనుమతులే చూడాలి.

ఎన్‌జిన్‌ఎక్స్‌తో తిరకాసు ఇంకో రకం. క్యాపిటల్ టీ ఆప్షన్ ఇస్తే ఇన్‌క్లూడ్ అయిన ఫైళ్ళన్నీ కలిపి మొత్తం కాన్ఫిగ్ కక్కుతుంది. చూడ్డానికి నడుస్తున్న కాన్ఫిగ్‌లా ఉంటుంది గానీ అది డిస్కు మీదున్నదే. నడుస్తున్న ప్రాసెస్ ఎప్పటి కాన్ఫిగ్ పట్టుకుందో చెప్పదు. దీనికి సూటి మార్గం లేదు, పక్కదారి ఉంది: రీలోడ్ అయిన ప్రతిసారీ పాత వర్కర్ ప్రాసెస్‌లు (అసలు పని చేసేవి) పోయి కొత్తవి పుడతాయి. వర్కర్ పుట్టిన సమయం కంటే ఏ కాన్ఫిగ్ ఫైలైనా తర్వాత మారి ఉంటే, అది ఇంకా లోపలికి వెళ్ళలేదన్నట్టు. ఒక్క వర్కర్ తనంతట తాను పడిపోయి మళ్ళీ లేచినా దాని సమయం కొత్తదైపోతుంది కాబట్టి అన్ని వర్కర్లలోకీ పాత సమయాన్నే లెక్కకి తీసుకుంటాం.

ఉబుంటులో ఎన్‌జిన్‌ఎక్స్ సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలునీ లోపలికి తీసుకుంటుంది, పేరు చివర ఏమున్నా సరే. ఎవరో జాగ్రత్తపరుడు మార్చే ముందు అదే ఫోల్డర్‌లో డాట్ బ్యాక్ అని కాపీ పెడితే, ఆ కాపీ కూడా అమల్లోకి వస్తుంది. వేళకి పనులు నడిపే క్రాన్‌కి చెందిన క్రాన్ డాట్ డీ ఫోల్డర్‌లో సరిగ్గా దీనికి ఎదురు: పేరులో చుక్క ఉన్న ఫైలుని క్రాన్ పట్టించుకోదు. బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అని పేరు పెట్టి అందులో వేసిన రాత్రి బ్యాకప్ ఎప్పటికీ నడవదు. కాబట్టి ఫోల్డర్‌లో ఫైలు ఉందా లేదా అని చూస్తే సరిపోదు. ఆ ఫైలు అమల్లోకి వచ్చే ఫైలా కాదా అన్నది ఒక్కో ఫోల్డర్ నియమం ప్రకారం మోడల్‌లో రాసుకోవాలి.

మా బిల్లింగు సర్వీసు సిస్టమ్‌డీ (లినక్సులో సర్వీసుల్ని లేపి నడిపేది) కింద నడుస్తుంది. సర్వీసుని ఎలా నడపాలో చెప్పే యూనిట్ ఫైలు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని కొడితే పక్కన డాట్ డీ ఫోల్డర్‌లో ఓవర్‌రైడ్ ఫైలు పుడుతుంది. సిస్టమ్‌డీ డెల్టా కమాండ్ ఏ యూనిట్ మీద ఏది కప్పి ఉందో చూపిస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ షో ఇచ్చేది అన్నీ కలిపాక తేలిన విలువలు, పోలికకి అవే వాడాలి. దానిలోనే నీడ్ డెమన్ రీలోడ్ అని ఒక వరస ఉంటుంది. అది యెస్ అని ఉంటే డిస్కు మీద యూనిట్ ఫైలు మారింది, సిస్టమ్‌డీ ఇంకా చదవలేదు. సర్వీసుకి విలువలు అందించే ఎన్విరాన్‌మెంట్ ఫైలు సంగతి వేరు. అది సర్వీసు స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతారు. ఇప్పుడు నడుస్తున్న ప్రాసెస్ ఏ విలువలతో పుట్టిందో ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్‌లో ఎన్విరాన్ అనే ఫైల్లో ఉంటుంది. దాన్ని రూటు గానీ అదే యూజరు గానీ మాత్రమే చదవగలరు, అందుకని ఈ విలువలు సేకరించే మా ప్రోగ్రాముకి ఆ ఒక్క పనికే సుడో (రూటు అనుమతి) ఇచ్చాం. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపేది) వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది: ఎన్విరాన్‌మెంట్ ఫైలు మార్చి కంటెయినర్‌ని రీస్టార్ట్ చేస్తే కొత్త విలువ రాదు. కంటెయినర్‌ని కొత్తగా సృష్టించాల్సిందే.

మూడు చోట్లా విలువలు చేతికొచ్చాక పోలిక మొదలు. ఇక్కడే నాకు ఈ పని మొత్తంలో బాగా విలువైనదనిపించేది ఉంది, కాస్త నిదానంగా చెప్తాను.

మోడల్, డిస్కు ఒకటే అయ్యి నడుస్తున్నది వేరైతే, రీలోడ్ గానీ రీస్టార్ట్ గానీ కాలేదు, లేదా ఆటో కాన్ఫ్ లాంటి పక్కదారి ఉంది. డిస్కు, నడుస్తున్నది ఒకటై మోడల్ వేరైతే, ఎవరో చేత్తో మార్చి రీస్టార్ట్ కూడా చేశారు. కనీసం పని జరుగుతోంది కాబట్టి అది పనిచేసే మార్పే. మోడల్, నడుస్తున్నది ఒకటై మధ్యలో డిస్కు మాత్రం వేరుగా ఉంటే? ఈ రోజు బిల్లింగు శుభ్రంగా నడుస్తుంది. ఎవరూ ఫోను చెయ్యరు. మా వైపు ఊళ్ళలో వర్షాకాలం గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ పాతదైతే మిషన్ ఆగిపోతుంది. కరెంటు వచ్చి మిషన్ లేచినప్పుడు డిస్కు మీదున్న ఆ పాత మార్పు, ఎవరు ఎప్పుడు చేశారో గుర్తులేని మార్పు, అమల్లోకి వస్తుంది. అప్పుడు బిల్లు రాదు. కరెంటు పోయినందువల్లే పాడైందని అందరూ అనుకుంటారు, మిషన్ హార్డ్‌వేర్ మీద పడతారు. అసలు కారణం వారాల కిందటి ఒక లైను. ఈ మూడో రకాన్ని మా రిపోర్టులో అన్నిటికంటే పైన, ఎర్రగా పెడతాం. నడుస్తున్నదాన్ని మాత్రమే చూసే మానిటరింగుకీ, ఫైళ్ళని మాత్రమే చూసి వెంటనే మోడల్ రుద్దేసే టూల్‌కీ ఇది ప్రమాదంగా తోచదు. మూడూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

దీనికి నాలుగో గడి ఒకటి కలపాలి: ఆ కొట్టుకి ఆఖరుసారి పంపిన మోడల్ వెర్షన్. గిట్‌లో మోడల్ మేం మారుస్తూనే ఉంటాం, కొట్లకి మాత్రం విడతలవారీగా పంపుతాం. ఇవాళ్టి మోడల్‌తో పోలిస్తే కాశీనగర్ మిషన్ నిండా తేడాలే కనబడతాయి. కానీ దానికి ఆఖరున పంపిన వెర్షన్‌తో పోలిస్తే ఒక్క తేడా కూడా ఉండకపోవచ్చు. అది డ్రిఫ్ట్ కాదు, మనం ఇంకా పంపని అప్‌డేట్. ఈ రెంటినీ ఒకే జాబితాలో కలిపితే అసలైన తేడా ఆ గుంపులో కలిసిపోతుంది. డిప్లాయ్ అయిన ప్రతిసారీ ఆ గిట్ కమిట్ నంబరుని మిషన్ మీద ఒక ఫైల్లో రాసి, సెంట్రల్‌లో కూడా నమోదు చేస్తాం. ఆ రెండు నంబర్లు కలవకపోతే అదే మొదటి తేడా.

మోడల్ ఎలా రాయాలో ఇప్పుడు చెప్పొచ్చు. మాది మూడు పొరలు: అన్నిటికీ ఉమ్మడిది, రాష్ట్రానిది, కొట్టుది. కొట్టుది రాష్ట్రానిదాన్ని, రాష్ట్రానిది ఉమ్మడిదాన్ని కప్పుతుంది, మూడూ కలిపి ఒక్కో కొట్టుకి పూర్తి మోడల్ తయారవుతుంది. ప్రతి సెట్టింగుకీ ఒక ముద్ర ఉంటుంది. అచ్చంగా కలవాల్సినవి కొన్ని. హద్దులో ఉంటే చాలనుకునేవి కొన్ని, ఉదాహరణకి డిస్కు ఖాళీ, లాగ్ ఎన్నాళ్ళు ఉంచాలి. కొట్టుకో రకంగా ఉండేవి కొన్ని: ప్రింటరు పేరు, ఐపీ అడ్రసు. ఇక అసలు చూడనక్కర్లేనివి. ఈ ఆఖరు రకంలో పడేసిన ప్రతిదానికీ కారణం రాయాలి, గడువు తేదీ పెట్టాలి. గడువు దాటితే అది మళ్ళీ తేడాగా బయటికి రావాలి. లేకపోతే విసుగొచ్చినప్పుడల్లా ఒక్కోటి చూడనక్కర్లేని జాబితాలోకి జారి, చివరికి చూసేదేమీ మిగలదు.

విలువల్ని విడివిడిగా పోలిస్తే దొరకని తప్పులు కొన్ని ఉంటాయి. సరిహద్దు ఊళ్ళలో ఇది బాగా తెలుస్తుంది. ఒడిశా జీఎస్టీ రాష్ట్రం కోడ్ 21, ఆంధ్రప్రదేశ్‌ది 37. పర్లాకిమిడి మిషన్‌లో ఎస్ఎస్‌డీ పోతే, త్వరగా అవుతుందని పార్వతీపురం మిషన్ క్లోన్ ఇమేజ్ (మొత్తం డిస్కు నకలు) ఎక్కించి, జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు), కొట్టు పేరు మార్చారు. రాష్ట్రం కోడ్ 37గానే ఉండిపోయింది. 18 శాతం సరుకు పర్లాకిమిడిలోనే అమ్మితే 9 సీజీఎస్టీ, 9 ఎస్‌జీఎస్టీ పడాలి. పాతపట్నం పార్టీకి అమ్మితే 18 ఐజీఎస్టీ పడాలి. కోడ్ తప్పుగా ఉంటే ఇది తలకిందులవుతుంది. బిల్లు మొత్తం పైసా కూడా మారదు కాబట్టి కౌంటరులో ఎవరికీ అనుమానం రాదు. రిటర్న్ వేసేటప్పుడు ఆడిటరుగారు పట్టుకుంటే పట్టుకున్నట్టు. రాష్ట్రం కోడ్‌ని కొట్టు పొరలో స్థానిక విలువ అని వదిలేస్తే పోలిక దీన్ని పట్టలేదు. అందుకని మోడల్‌లో విలువతో పాటు సంబంధం కూడా రాశాం: రాష్ట్రం కోడ్, జీఎస్టీఐఎన్ మొదటి రెండంకెలు ఒకటే అయ్యుండాలి. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. బిల్లింగు సర్వీసు కనెక్షన్ పూల్ సైజుని (ఒక్కో వర్కర్ తెరిచి ఉంచే కనెక్షన్లని) వర్కర్ల సంఖ్యతో గుణిస్తే పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్ కనెక్షన్స్ కంటే తక్కువ రావాలి. ఎన్‌జిన్‌ఎక్స్ ఏ పోర్టుకి పంపుతోందో బిల్లింగు సర్వీసు ఆ పోర్టులోనే వింటూ ఉండాలి. రెండు కాంపొనెంట్లూ విడివిడిగా తమ మోడల్‌తో కలిసినా, ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు.

క్లోన్ ఇమేజ్ తెచ్చే ఇంకో ముప్పు: మిషన్‌ని గుర్తించే మెషిన్ ఐడీ ఫైలు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) హోస్ట్ కీలు కూడా కాపీ అయిపోతాయి. మెషిన్ ఐడీని బట్టి మిషన్లని గుర్తిస్తే రెండు కొట్ల రిపోర్టులు ఒకే పేరు మీద పడతాయి, పొద్దున తేడా ఉన్నట్టూ సాయంత్రం లేనట్టూ చూపిస్తుంది. ఐడీ రెండు చోట్ల కనబడిందా అన్నది మిగతా పోలిక కంటే ముందు చూస్తాం.

పోల్చే ముందు విలువలన్నీ ఒక దారికి తేవాలి. ఇది చెయ్యకపోతే లేని తేడాలు వందలు వస్తాయి. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తనకి కేటాయించుకునే మెమరీ) మోడల్‌లో 2 జీబీ అని ఉంటుంది. పీజీ సెట్టింగ్స్‌లో అదే 262144, ఎందుకంటే దాని యూనిట్ 8 కేబీ పేజీ. ఇంకెవరో 2048 ఎంబీ అని రాస్తారు. మూడూ ఒకటే, అన్నిటినీ బైట్లలోకి మార్చాలి. ఆన్, ట్రూ, యెస్, 1 ఒకటే. మోడల్‌ని యామల్‌లో (కాన్ఫిగ్ రాసే ఒక ఫార్మాటు) రాసుకుంటే ఫైలు అనుమతి 0644 అని కోట్స్ లేకుండా రాయకండి. పాత యామల్ నియమం ప్రకారం అది ఆక్టల్ అయి 420 అని చదవబడుతుంది. అలాగే నో అని రాసిన మాట ఫాల్స్ అయిపోతుంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైల్లో లైను చివరన క్యారేజ్ రిటర్న్ అక్షరం చేరొచ్చు, మొదట్లో 3 బైట్ల బామ్ (ఎన్‌కోడింగు గుర్తు) చేరొచ్చు. ఇవి కంటికి కనబడవు. పోలికలో వీటిని తుడిచెయ్యకండి, విడిగా చూపించండి. చివర క్యారేజ్ రిటర్న్ అంటుకున్న పాస్‌వర్డు పని చెయ్యదు కదా.

వరస ముఖ్యమైనచోట వరస చెరపకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని అక్షరక్రమంలో పేర్చుకోవచ్చు. ఎవరు లాగిన్ అవ్వొచ్చో చెప్పే పోస్ట్‌గ్రెస్ హెచ్‌బీఏ ఫైలుని మాత్రం పేర్చకూడదు, అందులో పైనుంచి మొదట కలిసిన నియమమే చెల్లుతుంది. పేర్చే చోట కూడా ఎల్‌సీ ఆల్ (భాష, వరస నియమాల సెట్టింగు) విలువ సీ అని పెట్టి పేర్చాలి, లేకపోతే లొకేల్‌ని బట్టి మిషన్‌కో వరస వచ్చి, ఆ వరసే తేడాగా బయటపడుతుంది.

బిల్లు హెడ్డింగు ఒడియాలో పెట్టే కొట్లలో ఒక విచిత్రం. ఒడిశా అన్న పేరు ఒడియా లిపిలో రాస్తే రెండో అక్షరం కింద చుక్క ఉంటుంది. యూనికోడ్‌లో ఆ అక్షరానికి ఒక్క కోడ్ ఉంది, విడి అక్షరం, చుక్క అని రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనబడతాయి. యూటీఎఫ్ 8లో ఒకటి 3 బైట్లు, ఇంకోటి 6. కీబోర్డుని బట్టి ఏదో ఒకటి పడుతుంది, అడ్రసు లైను తేడా అని రిపోర్టు వస్తుంది, ఎంత చూసినా తేడా కనబడదు. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్ అక్షరాల్ని ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) చేసి పోల్చండి. ఎన్‌ఎఫ్‌సీ దీన్ని ఒక్క కోడ్‌గా కలుపుతుందని అనుకోవద్దు. ఈ అక్షరం మినహాయింపుల్లో ఉంది, రెండు కోడ్లుగానే మిగులుతుంది. పోలికకి అదేం అడ్డు కాదు, రెండు వైపులా ఒకేలా అయితే చాలు.

పాస్‌వర్డులు, కీలు రిపోర్టులోకి రాకూడదు. వట్టి హ్యాష్ తీసి పంపినా ప్రమాదమే, ఆరంకెల పిన్‌కి ఉన్నవి పది లక్షల అవకాశాలే, అన్నీ లెక్కకట్టి చూడ్డం నిమిషాల పని కూడా కాదు. మేం సెంట్రల్ నుంచి ప్రతి పరుగుకీ (పోలిక నడిపిన ప్రతిసారీ) కొత్త సాల్ట్ అనే యాదృచ్ఛిక విలువ పంపి, మిషన్ దగ్గర దాన్ని కలిపి హెచ్‌మ్యాక్ అనే హ్యాష్ లెక్కకట్టించి దాన్నే ఎస్ఎస్‌హెచ్ మీద తెచ్చుకుంటాం. పోల్చాక పారేస్తాం, దాచం.

ప్యాకేజీల వైపు: ప్యాకేజీ ఫైళ్ళు మారాయా అని చూసే డెబ్‌సమ్స్ మామూలుగా కాన్ఫిగ్ ఫైళ్ళని వదిలేస్తుంది, వాటికి స్మాల్ ఈ ఆప్షన్ ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్ అసలు కాన్ఫిగ్ ఫైలు క్లస్టర్ సృష్టించినప్పుడు పుట్టేది, ప్యాకేజీలో వచ్చేది కాదు, కాబట్టి డెబ్‌సమ్స్‌కి అది తెలియదు. అప్‌గ్రేడ్ అప్పుడు పాత కాన్ఫిగ్ ఉంచుకుంటే కొత్తది డీపీకేజీ డిస్ట్ తోకతో పక్కన పడి ఉంటుంది, కొత్తది తీసుకుంటే పాతది డీపీకేజీ ఓల్డ్ తోకతో మిగులుతుంది. ఈ తోకలున్న ఫైళ్ళు ఎక్కడున్నాయో వెతికితే ఎవరూ తీర్పు చెప్పకుండా వదిలేసిన తేడాలు దొరుకుతాయి.

రెడీమేడ్ టూల్స్ సంగతి. మిషన్లకి సెట్టింగులు పెట్టే యాన్సిబుల్‌ని చెక్, డిఫ్ ఆప్షన్లతో నడిపితే ఏమీ మార్చకుండా తేడా చూపిస్తుంది. కానీ కమాండ్, షెల్ టాస్కులని చెక్ మోడ్‌లో దాటేస్తుంది, దాటేసిందంటే తేడా లేదని కాదు. పైగా ప్లేబుక్‌లో మనం రాసినవాటినే చూస్తుంది, ఎవరో అదనంగా పెట్టిన ఫైలు దాని కంట పడదు. క్లౌడ్ సర్వర్లు సృష్టించే టెర్రాఫార్మ్ కూడా తన స్టేట్‌లో (తను సృష్టించినవాటి జాబితాలో) ఉన్నవాటినే చూస్తుంది. ఇక ఎగ్జిట్ కోడ్లు (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకెలు) జాగ్రత్త: మామూలు డిఫ్ కమాండ్‌కి 1 అంటే తేడా ఉంది, 2 అంటే ఎర్రర్. కుబర్నెటీస్ (కంటెయినర్లని నడిపించేది) వాళ్ళ క్యూబ్‌సీటీఎల్ డిఫ్‌కీ 1 తేడా, అంతకు పైన ఎర్రర్. టెర్రాఫార్మ్ ప్లాన్‌కి డీటెయిల్డ్ ఎగ్జిట్ కోడ్ పెడితే 1 ఎర్రర్, 2 తేడా. అన్నిటినీ ఒకే స్క్రిప్టులో చుట్టి 1 వస్తే తేడా అని రాసుకుంటే, టెర్రాఫార్మ్ లాగిన్ ఫెయిలైన రోజు అది తేడాగా నమోదవుతుంది, నిజమైన తేడా ఎర్రర్ అనిపించుకుంటుంది.

మా రిపోర్టులో ప్రతి కొట్టుకీ మూడు మాటల్లో ఒకటే ఉంటుంది: సరి, తేడా, చూడలేకపోయాం. మూడోదాన్ని ఎప్పుడూ మొదటిదానిలో కలపం. మిషన్ గడియారం బ్యాటరీ అయిపోతే కరెంటు వచ్చాక తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. సర్టిఫికెట్ ఇంకా మొదలవ్వని తేదీ కాబట్టి టీఎల్ఎస్ కనెక్షన్ కుదరదు, అప్‌లోడ్ ఆగిపోతుంది. తేడా ఉన్న మిషనే నోరు మూసుకుంటుంది. అందుకని ఆఖరున ఎప్పుడు పలికిందో ఆ సమయం ప్రతి వరసలోనూ ఉంటుంది.

ఎప్పుడు నడపాలన్నది కూడా ఊరి పద్ధతిని బట్టే. రాత్రి రెండింటికి క్రాన్ పెడితే లాభం లేదు, కొట్టు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేసి వెళ్తారు. సిస్టమ్‌డీ టైమర్‌లో బూట్ అయిన 15 నిమిషాలకి ఒకసారి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి పెట్టాం, అన్నీ ఒకేసారి పడకుండా 10 నిమిషాల్లోపు యాదృచ్ఛికమైన ఆలస్యం. మధ్యాహ్నం పరుగు తప్పిపోతే మిషన్ లేచాక నడిచేలా పెర్సిస్టెంట్ ట్రూ పెట్టాలి, అది క్యాలెండర్ టైమర్లకే వర్తిస్తుంది. బూట్ అయ్యాక తీసిన పటం చాలా విలువైనది. నిన్న మధ్యాహ్నం నడిచిన విలువకీ ఇవాళ పొద్దున లేచాక విలువకీ తేడా ఉంటే, డిస్కు మీద పొంచి ఉన్న మార్పేదో అమల్లోకి వచ్చిందన్నమాట.

తేడా దొరికాక వెంటనే మోడల్ రుద్దెయ్యకండి. ముందు కొట్టుకి ఫోను చేసి అడగాలి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ (పంపే ఫైలు ఎంత పెద్దదైనా ఉండొచ్చో ఆ హద్దు; దాటితే 413 ఎర్రర్) డిఫాల్ట్ 1 ఎంబీ, మా మోడల్ దాన్ని ముట్టలేదు. ఒక మిషన్‌లో 8 ఎంబీ కనబడింది. అడిగితే అక్కడి గుమస్తా చెప్పాడు: "కొనుగోలు బిల్లు ఫొటో తీసి ఎక్కిస్తే 413 అని వస్తోందండీ, ఆ మెకానిక్ బాబు వచ్చి సరిచేశాడు." ఆ మార్పు న్యాయమైనది, అన్ని కొట్లకీ కావాల్సింది. దాన్ని మోడల్‌లోకి ఎక్కించాం. తేడాకి గతులు మూడే: మోడల్‌లోకి తీసుకోవడం, ఆ కొట్టు పొరలో కారణం రాసి ఉంచడం, వెనక్కి తిప్పడం. ఏదీ తేల్చకుండా ఉంచితే తర్వాతి డిప్లాయ్ దాన్ని చడీచప్పుడు లేకుండా తుడిచేస్తుంది, గుమస్తాకి మళ్ళీ 413 వస్తుంది, ఆయన మళ్ళీ మెకానిక్‌ని పిలుస్తాడు.

వెనక్కి తిప్పడానికి లొంగనివి కొన్ని ఉన్నాయి. డేటాబేసు కొలేషన్ (అక్షరాలు ఏ వరసలో పేర్చాలన్న నియమం) సృష్టించినప్పుడే ఖాయమవుతుంది. మోడల్‌లో సీ డాట్ యూటీఎఫ్ 8 ఉండి, ఎవరో చేత్తో సృష్టించిన డేటాబేసులో ఇంగ్లిష్ ఇండియా లొకేల్ ఉంటే పార్టీల జాబితా వరస మారుతుంది. అది ఒక సెట్టింగు మార్చి సరిచేసేది కాదు. డంప్ (డేటా మొత్తం నకలు) తీసి, సరైన కొలేషన్‌తో కొత్త డేటాబేసు సృష్టించి, అందులోకి ఎక్కించాలి. ఆదివారం కొట్టు మూసినప్పుడు చేసే పని. మోడల్‌లో అలాంటివాటికి వేరే ముద్ర ఉండాలి, లేకపోతే ఆటోమేటిక్‌గా సరిచేసే స్క్రిప్టు ప్రతి పరుగులోనూ ప్రయత్నించి విఫలమవుతూ ఉంటుంది.

ప్రోగ్రాము చదవలేనివి ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. కరెంటు వచ్చాక మిషన్ తనంతట తానే లేవాలా వద్దా అన్న బయోస్ సెట్టింగు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు బటన్లతో పెట్టే పేజీ పొడవు, రౌటరులో డీహెచ్‌సీపీ ఇచ్చే ఐపీల హద్దు. ఇవి మోడల్‌లో లేకపోతే బిల్లింగు మోడల్ సగమే. వీటిని కూడా అదే ఫైల్లో, మిగతావాటి పక్కనే రాశాం: ఉండాల్సిన విలువ, చేత్తో చూడాలి అన్న ముద్ర, ఆఖరున చూసిన తేదీ, చూసినవారి పేరు. తేదీ మూడు నెలలు దాటితే ఆ వరస చూడలేకపోయాం కిందికి వస్తుంది, ఆ దారిన కొట్టుకి వెళ్ళేవాళ్ళ పనుల చీటీలో చేరుతుంది.